బరువు తగ్గిన తరువాత మిగిలే చర్మం: ఖర్చెవరు భరించాలి?

ఆరోగ్య బీమా పత్రంలో మినహాయింపుల పట్టిక ఒకటి ఉంటుంది. సంస్థ ఏదైనా ఆ పట్టికలోని ముఖ్యాంశాలకు సంఖ్యలూ మాటలూ దాదాపు ఒక్కటే. బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో వాటిని దేశమంతటికీ ఒకే రీతిగా నిర్ణయించింది. అందులో ఆరవది స్థూలకాయ చికిత్సకు సంబంధించినది. ఎనిమిదవది సౌందర్య, ప్లాస్టిక్ శస్త్రచికిత్సలకు సంబంధించినది. ఆరవది పేరుకు మినహాయింపే గాని, కొన్ని షరతులు నెరవేరితే బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స ఖర్చును సంస్థ భరించడానికి అందులోనే దారి ఉన్నది. ఆ దారిన చికిత్స పొంది 40, 50 కిలోలు తగ్గిన మనిషికి ఒంటినిండా వేలాడే చర్మం మిగులుతుంది. దానిని తొలగించుకోవడానికి మళ్ళీ అదే సంస్థ తలుపు తడితే ఎనిమిదవ మినహాయింపు అడ్డు నిలుస్తుంది. స్థూలకాయాన్ని జబ్బుగా గుర్తించి లక్షలు చెల్లించిన సంస్థే, ఆ చికిత్స మిగిల్చిన దానిని సింగారం పద్దులో వేస్తున్నది.

ఇది నగరవాసుల ముచ్చట, మన సరిహద్దు పల్లెలకేమి పని అని పాఠకులు అనుకోవచ్చు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువు గలవారు. తమిళనాడులో అది 40 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఈ లెక్కకు వెలుపల ఏమీ లేవు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగంలో స్థూలకాయాన్ని ప్రస్తావించి, వంటనూనె వాడకం 10 శాతం తగ్గించుకోవలసిందిగా కోరారు. ఆ మరుసటి నెలలోనే మౌంజారో అనే సూదిమందు, జూన్‌లో వెగోవీ అనే మరొక సూదిమందు మన దేశపు విపణిలోకి వచ్చాయి. వారానికొక సూదితో ఆకలిని తగ్గించే మందులివి. వెగోవీలోని సెమాగ్లుటైడ్‌పై మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. పేటెంటు పోయిన మందు చవక కావడం, చవకైన మందు చిన్న పట్టణాల దుకాణాలకు చేరడం మనం అనేక మందుల విషయంలో చూసినదే. కాబట్టి బరువు తగ్గేవారు పెరుగుతారు. తగ్గిన తరువాత ఏమిటన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ సిద్ధపడినట్లు కనబడదు.

చర్మం ఎందుకు వెనుకకు రాదో ముందు తెలుసుకోవాలి. చర్మానికి బలాన్నీ సాగే గుణాన్నీ ఇచ్చేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఏండ్ల తరబడి సాగదీసి ఉంచితే అవి తెగి, తమ పట్టును కోల్పోతాయి. లోపలి కొవ్వు కరిగినా పైచర్మం తిరిగి బిగియదు. వయస్సు మళ్ళినవారిలో, పొగ తాగేవారిలో, వేగంగా ఎక్కువ బరువు తగ్గినవారిలో ఇది మరింత స్పష్టం. వ్యాయామం వలన చర్మం కింది కండరం గట్టిపడుతుందే గాని, మిగులు చర్మం మాయం కాదు. పైపూత మందులతో బిగిస్తామనే ప్రకటనలకు డబ్బు పోయడం వృథా.

మిగిలిన చర్మం పొట్ట కింద ముందుకట్టు గుడ్డ వలె మడతపడి వేలాడుతుంది. కొందరిలో అది తొడల దాకా దిగుతుంది. ఆ మడతలో గాలి ఆడదు, చెమట ఆరదు. చర్మం చర్మాన్ని ఒరుసుకొని ఎర్రబడుతుంది, పగులుతుంది, బూజు జాతి క్రిములు చేరి దుర్వాసన వేస్తుంది. వైద్యులు దీనిని ఇంటర్‌ట్రైగో అంటారు. మధుమేహం ఉన్నవారికి అక్కడ పడిన పుండు త్వరగా మానదు. చలిదేశంలో ఒక ఇబ్బందిగా ఉండేది బళ్ళారి ఎండలో, గంజాం తీరపు ఉక్కలో నిత్యవ్యాధి అవుతుంది. మిరప కోతలకూ పత్తి ఏరడానికీ రోజంతా వంగి పనిచేసే స్త్రీకి లంగా బొందు కట్టే చోటనే ఆ మడత ఉంటుంది. ఆమె దానిని ఎవరికి చూపిస్తుంది? ఇంట్లో చెప్పదు, వైద్యుని వద్ద అసలే చెప్పదు. మందుల దుకాణంలో తామర లేపనం తెప్పించుకొని రాసుకొంటుంది. ఈ మౌనం సిగ్గుతోనే ఆగదు. పది రూపాయల లేపనానికి ఏ వైద్యుని చీటీ ఉండదు గనుక, రేపు బీమా సంస్థకు చూపించడానికి ఆమె బాధకు ఆధారమే మిగలదు. దీని సంగతి తరువాత చూద్దాం.

చికిత్స కూడా చిన్నదేమీ కాదు. పొట్ట కింద వేలాడే చర్మాన్నీ దాని అడుగు కొవ్వునూ మాత్రమే కోసివేయడం ఒక పద్ధతి. దానిని పానిక్యులెక్టమీ అంటారు. దానితో పాటు పొట్ట కండరాలను బిగించి, బొడ్డును కొత్త చోట అమర్చి ఆకృతిని సరిదిద్దడం ఇంకొకటి. అది అబ్డామినోప్లాస్టీ. చేతులు, తొడలు, రొమ్ములు, వీపు ఒక్కొక్కదానికీ వేర్వేరు శస్త్రచికిత్సలు. అన్నీ ఒక్కసారి చేయరు, నెలల ఎడంతో విడతలుగా చేస్తారు. బేరియాట్రిక్ చికిత్స జరిగిన ఏడాది, ఏడాదిన్నర తరువాత, బరువు కొన్ని నెలల పాటు నిలకడగా ఉన్నప్పుడే ఆ పనికి పూనుకొంటారు. కుట్టు విడిపోవడం, కుట్టు కింద నీరు చేరడం, చీము పట్టడం తరచుగా వచ్చే చిక్కులు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం అరుదే గాని ప్రాణాంతకం. కడుపు శస్త్రచికిత్స అయినవారికి మాంసకృత్తులు, ఇనుము, బి12 లోపం ఉండే అవకాశం ఎక్కువ గనుక, ముందు రక్తపరీక్షలు చేసి ఆ లోటు తీర్చిన తరువాతనే కత్తి పట్టాలి. పొడవాటి మచ్చ జీవితాంతం ఉంటుంది. ఇంత కష్టం కేవలం అందం కోసం పడేవారు కొందరుంటారు. నడవలేక, పుండ్ల బాధ పడలేక వచ్చేవారు కొందరు. బీమా పత్రం ఈ ఇద్దరినీ ఒకే మాటతో పిలుస్తుంది.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. రెండు భాషలలో పాఠం చెప్పుకొనే నాబోటివారికి మాటల మీద చూపు పోవడం సహజం. కాస్మెటిక్ అన్న ఆంగ్లపదానికి మూలం గ్రీకులో చక్కగా అమర్చడం, అలంకరించడం అనే అర్థం గల ధాతువు. మన తెలుగులో అది సౌందర్య చికిత్స అయింది. కన్నడంలోనూ తమిళంలోనూ అందం అనే మాటే వచ్చి కూర్చున్నది. ఇక ప్లాస్టిక్ అనగానే మనవాళ్ళు బిందెలనూ సంచులనూ తలచుకొంటారు. ఆ పదానికి గ్రీకులో అర్థం మలచడం అని. మట్టితో కుండను మలచినట్లు మాంసాన్ని మలచడం. ఈ విద్యలో మన దేశం ఒకప్పుడు లోకానికి గురువు. టిప్పు సుల్తాను యుద్ధాల కాలంలో ఆంగ్లేయ సైన్యంలో ఎడ్లబండి తోలే కవాస్‌జీ అనే అతడు మైసూరు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకొన్నాడు. నుదుటి చర్మాన్ని మలచి అతనికి కొత్త ముక్కు అమర్చిన వృత్తాంతం 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఐరోపా వైద్యులు ఆ పద్ధతిని దాని నుండి నేర్చుకొన్నారు. ముక్కు లేకున్నా మనిషి బతుకుతాడు. అయినా ఆ చికిత్సను సింగారమని ఎవరూ ఈసడించలేదు, నలుగురిలో తిరగగలగడం కూడా బతుకులో భాగమేనని ఆనాటివారు ఎరుగుదురు.

సరే, ఎనిమిదవ మినహాయింపు యథాతథంగా ఏమంటున్నది? దాని సారాంశం ఇది. రూపాన్ని మార్చుకోవడానికి చేసే సౌందర్య, ప్లాస్టిక్ శస్త్రచికిత్సల ఖర్చు చెల్లించబడదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ వలన అవసరమైన పునర్నిర్మాణానికి ఈ అడ్డు లేదు. అలాగే బీమాదారుని ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పును తొలగించడానికి వైద్యపరంగా అవసరమైన చికిత్సలో భాగమైతే కూడా లేదు. అయితే అది వైద్యావసరమని చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించాలి.

ఈ చివరి రెండు వాక్యాలను చాలామంది చదవరు. ఏజెంటు చదవడు, ఆసుపత్రి బీమా బల్ల వద్ద కూర్చున్న ఉద్యోగి కూడా చాలాసార్లు చదవడు. సౌందర్య చికిత్సకు రాదండీ అని నోటిమాటగా చెప్పి పంపివేస్తారు. మడతలో పుండు మళ్ళీ మళ్ళీ పడి, మందులతో మానక, చీము పట్టి, చర్మం కింద మాంసానికి పాకే స్థితి ఉంటే అది ఆరోగ్యానికి ముప్పు కాదని ఎట్లా అనగలరు? తక్షణం అనే మాట వద్దనే తగవంతా ఉన్నది. లేపనం రాస్తే తగ్గుతుంది గదా, తక్షణ ముప్పు ఎక్కడిది అని సంస్థ వాదిస్తుంది. ఆ వాదనకు జవాబు నోటితో చెబితే చెల్లదు, కాగితం మీద ఉండాలి. నా అభిప్రాయంలో ఈ విషయంలో గెలుపోటములు శస్త్రచికిత్స నాడు తేలేవి కావు. అంతకు ఆరునెలల ముందే తేలిపోతాయి.

ఎట్లాగంటే, మొదటి పుండు పడినప్పుడే మందుల దుకాణానికి పోకుండా ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళి చీటీ రాయించుకోవాలి. మందు వాడి తగ్గకుంటే మళ్ళీ వెళ్ళాలి. తేదీలతో కూడిన చీటీలు కనీసం మూడు నెలలవి ఉంటే, సామాన్య చికిత్స విఫలమైందని వైద్యుడు రాయగలుగుతాడు. పుండు ఉన్న నాటి ఛాయాచిత్రాలు వైద్యుని సమక్షంలో తీయించి కేసు కాగితాలతో కలిపి ఉంచాలి. స్త్రీలకు ఇది కష్టమే. మహిళా వైద్యురాలిని అడిగే హక్కు ఉన్నది, ముఖం కనబడకుండా తీయడమే పద్ధతి. బరువు నిలకడగా ఉన్నదని చూపడానికి నెలకొకసారి ఆసుపత్రి తూకం వేయించి రాయించుకోవాలి. శస్త్రవైద్యుడు ఇచ్చే లేఖలో చికిత్స పేరు సరిగా ఉండాలి. పొట్ట అందంగా చేయడం అని అర్థం వచ్చే వాడుక పేరు రాస్తే దరఖాస్తు మొదటి మెట్టు వద్దనే ఆగిపోతుంది. పుండ్ల వలన పానిక్యులెక్టమీ అవసరమని రాసిన లేఖ వేరు, అబ్డామినోప్లాస్టీ కోరుతున్నారని రాసిన లేఖ వేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొట్ట గోడలో హెర్నియా ఉంటే దాని మరమ్మతుకు బీమా వర్తిస్తుంది. నిజంగా ఉన్నవారికి రెండు పనులూ ఒకే మత్తులో చేసి, హెర్నియా వరకు ఖర్చు సంస్థ వద్ద, చర్మం తొలగించిన ఖర్చు రోగి వద్ద తీసుకొనడం సక్రమమే. లేని హెర్నియాను కాగితం మీద పుట్టిస్తామని ఎవరైనా చెబితే మాత్రం ఆ గడప తొక్కవద్దు. అయిదేండ్లు నిరంతరాయంగా పాలసీ నడిచిన తరువాత పాత వివరాలు దాచారనే సాకుతో క్లెయిమును తిరస్కరించరాదని 2024 నిబంధన చెబుతున్నది గాని, మోసం రుజువైతే ఆ రక్షణ కూడా పోతుంది. కుటుంబమంతటి పాలసీ ఒక్క అబద్ధంతో కూలిపోతుంది.

శస్త్రచికిత్సకు ముందే సంస్థ అనుమతిని రాతపూర్వకంగా కోరాలి. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నగదు రహిత చికిత్స కోరినప్పుడు గంటలోగా నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే పాలసీలోని ఏ నిబంధన కింద తిరస్కరిస్తున్నారో చూపాలి. సంస్థలోని సమీక్షా సంఘం ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించరాదు. కావున రాదండీ అన్న నోటిమాటకు విలువ లేదు. కాగితం ఇవ్వమని అడగాలి.

ఆ కాగితం పట్టుకొని పోవలసిన తరువాతి చోటు బీమా అంబుడ్స్‌మన్. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల గడిచినా జవాబు రాకుంటే గాని, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకుంటే గాని, ఏడాదిలోపు వెళ్ళవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కర లేదు. సరిహద్దు పాఠకులకు గుర్తుండవలసినదేమంటే, ఏ కార్యాలయానికి వెళ్ళాలన్నది భాషను బట్టి నిర్ణయం కాదు. బళ్ళారి, రాయచూరు, కోలారు వారు బెంగళూరుకు, హోసూరు వారు చెన్నైకి, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వారు భువనేశ్వర్‌కు, సిరొంచ వారు పుణెకు రాయాలి. యానాం ఒక్కటి విచిత్రం. పాలన పుదుచ్చేరిది, పుదుచ్చేరి పట్టణం వారు చెన్నైకి పోతారు, యానాం వారికి మాత్రం హైదరాబాదు కార్యాలయం. మన పటాల చరిత్ర ఇట్లాంటి చోట్ల ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది.

వినియోగదారుల కమిషన్ మరో దారి. 2019 చట్టం వచ్చిన తరువాత ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు. బెంగళూరు ఆసుపత్రితో తగవు పడిన హోసూరు కుటుంబం కృష్ణగిరి జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చునన్న మాట. వైద్యం కోసం రాష్ట్ర సరిహద్దు దాటడం మనకు నిత్యకృత్యం గనుక ఈ వెసులుబాటు అందరికంటే మనకే ఎక్కువ ఉపయోగం.

పాలసీ ఆంగ్లంలో ఉంటుంది గదా, ఎట్లా చదవాలి అని అడుగుతారు. 2024 జనవరి నుండి ప్రతి పాలసీతోనూ ముఖ్య సమాచార పత్రం ఒకటి ఇవ్వాలన్నది నియమం. బీమాదారు కోరితే దానిని స్థానిక భాషలో ఇవ్వాలి. హోసూరులో స్థానిక భాష ఏది అని గుమాస్తా అడిగితే ఏమి చెప్పాలో పాఠకులకు నేను నేర్పనక్కర లేదు. తెలుగులో ఇమ్మని రాసి అడగండి. ఇవ్వకుంటే 155255 నంబరుకు ఫోను చేసి ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేయవచ్చు.

మన పల్లెల్లో చాలామంది వృద్ధులకు సొంత పాలసీ లేదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కొడుకో కూతురో పనిచేసే కంపెనీ బీమాలో వారి పేర్లు ఉంటాయి. ఆ సామూహిక పాలసీలలో కంపెనీ బేరమాడి కొన్ని షరతులు సడలించుకొని ఉండవచ్చు, కొన్ని బిగించుకొని ఉండవచ్చు. పిల్లలను అడిగి అసలు పత్రం తెప్పించుకొని ఎనిమిదవ మినహాయింపును చూడండి. సొంతంగా తీసుకొనే పాలసీ ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ లేదు. కానీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేండ్లు వేచి ఉండవలసి రావచ్చునని తెలిసి మరీ తీసుకోవాలి. చర్మం వేలాడిన తరువాత కొన్న పాలసీ ఆ ఏడాదే ఆదుకొంటుందని ఆశించడం దండగ.

బీమా లేని నిరుపేద సంగతేమిటి? అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా భరిస్తుంది, రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఒడిశా 2025లో అందులో చేరింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు దానికి తమ పథకాలను జతచేసి నడుపుతున్నాయి. ఈ పథకంలో సౌందర్య చికిత్సలకు చోటు లేదు. ధర నిర్ణయించిన చికిత్సల జాబితా వీటికి ప్రాణం. జాబితాలో పేరు లేని చికిత్సకు, రోగి ఎంత పేదయైనా, ఎంత బాధపడినా, పైసా రావడం కష్టం. ఇంకొక మాట, తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్రప్రదేశ్ కార్డు గాని తెలంగాణ కార్డు గాని మనకు రాదు. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రపు పథకమే మనది.

కాబట్టి మిగిలేది ప్రభుత్వ బోధనాసుపత్రి. చెన్నైలో స్టాన్లీ, బెంగళూరులో విక్టోరియా, హైదరాబాదులో ఉస్మానియా, విశాఖపట్నంలో కింగ్ జార్జ్, కటక్‌లో ఎస్.సి.బి. ఆసుపత్రులలో ప్లాస్టిక్ శస్త్రచికిత్స విభాగాలున్నాయి. యానాం వారికి పుదుచ్చేరి జిప్మర్ ఉన్నది, 2024 ఫిబ్రవరి నుండి ఆ సంస్థ సంప్రదింపు విభాగం యానాంలోనే వెలిసింది. ఈ విభాగాలలో కాలిన గాయాల కేసులు, ప్రమాదాల కేసులు ముందు వస్తాయి. వేలాడే చర్మం వరుసలో చివర నిలబడుతుంది. అది న్యాయమే. కానీ వరుసలో నిలబడేందుకైనా చోటుండాలి.

ఈ సందర్భంలో తమిళనాడు చేసిన ఒక పనిని గుర్తు చేసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో రొమ్ముల శస్త్రచికిత్సలను ఉచితంగా చేసే విభాగాన్ని ప్రభుత్వం ప్రారంభించింది. భారీ రొమ్ముల వలన భుజాలు, వీపు నొప్పితో బాధపడే పేద స్త్రీలు ఉన్నారనీ, డబ్బున్నవారికి మాత్రమే ఈ చికిత్స ఎందుకు పరిమితం కావాలనీ ప్రభుత్వ పక్షం వాదించింది. ప్రాణం నిలిపే చికిత్సలకే డబ్బు చాలని చోట ఇది అవసరమా అని అనుభవజ్ఞులు విమర్శించారు. రెండు వాదాలలోనూ సత్యం ఉన్నది. నన్నడిగితే, అందం అనే మాట వినగానే ముఖం తిప్పుకోవడం గాని, పేదలకు అందం వద్దా అని చప్పట్లు కొట్టించుకోవడం గాని రెండూ సులువైన పనులే. కష్టమైన పని గీత ఎక్కడ గీయాలో తేల్చడం.

ఆ గీతను ఆస్ట్రేలియా తన ప్రభుత్వ బీమాలో గీసింది. అక్కడ భారీగా బరువు తగ్గినవారి మిగులు చర్మం తొలగింపుకు ప్రభుత్వం వాటా ఇస్తుంది. అందుకు షరతులు మూడు. మడతలోని చర్మవ్యాధి మూడు నెలల సామాన్య చికిత్సకు లొంగకుండా ఉండాలి. మిగులు చర్మం నిత్యజీవన పనులకు అడ్డుగా ఉండాలి. బరువు తగ్గిన తరువాత కనీసం ఆరునెలలు నిలకడగా ఉండాలి. భారీగా తగ్గడమంటే బీఎంఐలో కనీసం అయిదు అంకెలు తగ్గడం. బీఎంఐ అంటే కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించగా వచ్చే అంకె. 152 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు గల స్త్రీకి అది 41. ఆమె 40 కిలోలు తగ్గితే 24కు దిగుతుంది, అనగా 17 అంకెలు తగ్గినట్లు. మన ఆరవ మినహాయింపు కూడా ఇదే అంకెతో నడుస్తున్నది. 18 ఏండ్లు నిండి, బీఎంఐ 40 గాని అంతకు మించి గాని ఉన్నవారికి, లేదా 35 గాని అంతకు మించి గాని ఉండి గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్ర జబ్బు, అదుపు లేని మధుమేహం వంటివి ఉన్నవారికి వైద్యుని సలహాపై శస్త్రచికిత్స ఖర్చు ఇవ్వాలని అది చెబుతున్నది. మొదటి చికిత్సకు ఇంత కచ్చితమైన కొలత పెట్టినవారు, దాని ఫలితమైన రెండవ చికిత్సకు తక్షణ ముప్పు అనే సాగే మాటను మాత్రమే ఎందుకు వదిలారు? ఆస్ట్రేలియా షరతుల వంటివి మూడు వాక్యాలు ఎనిమిదవ మినహాయింపులో చేర్చితే రోగికీ తెలుస్తుంది, సంస్థకూ తెలుస్తుంది. ఆయుష్మాన్ జాబితాలోనూ పొట్ట మడత తొలగింపు ఒక్కదానికి అదే షరతులతో చోటివ్వవచ్చు. చేతుల, తొడల ఆకృతి దిద్దడానికి ప్రజాధనం వెచ్చించమని నేను అడగను. డయాలిసిస్ మంచం కోసం ఎదురుచూసే రోగి ముందు ఆ కోరిక నిలవదు.

ఈ మార్పు వచ్చేదాకా చాలా ఇళ్ళలో ఖర్చు సొంతానిదే. పెద్ద పట్టణాల ప్రైవేటు ఆసుపత్రులలో పొట్ట ఒక్కదానికే లక్ష దాటడం సామాన్యం. విడతలుగా అన్నీ చేయిస్తే పలు లక్షలు. దీనికి తోడు బిగుతు ఉడుపులు, కట్లు, తోడు వెళ్ళినవారి బస, వారాల తరబడి పోయే కూలి. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదల లోపం, గాయం వలన పాడైన అవయవాన్ని సరిదిద్దే పని కాకుంటే సౌందర్య, ప్లాస్టిక్ శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు వర్తించదు. పన్నుతో కలిపి మొత్తం ఎంతో ముందే రాయించుకోవాలి. సౌందర్యం అనే ఒక్క మాట బీమాను పోగొట్టి, పన్నును తెచ్చిపెడుతుంది.

వడ్డీ లేని వాయిదాలని కొన్ని ఆసుపత్రులు ప్రకటిస్తాయి. వాయిదాల వెనుక ఒక రుణసంస్థ ఉంటుంది, ప్రాసెసింగ్ రుసుము రూపంలోనో, ధర తగ్గింపు ఇవ్వకపోవడం రూపంలోనో వడ్డీ ఎక్కడో దాగి ఉంటుంది. 2024 అక్టోబరు నుండి ఇలాంటి ప్రతి రుణానికీ అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీరేటును చూపే పత్రం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. ఆ పత్రం చూడకుండా సంతకం పెట్టవద్దు. తప్పనిసరైతే బ్యాంకులో నగలు కుదువ పెట్టడం ఊరి వడ్డీ వ్యాపారి కంటే మేలు. చీటీ పాడి తేవడం, తరుగు లెక్క వేసుకొంటే, చాలాసార్లు అంత చవక కాదు. పొలం మాత్రం ఈ పనికి అమ్మవద్దు. ముందు పుండ్లున్న పొట్ట ఒక్కటి చేయించుకొని, మిగిలినవి చేతిలో డబ్బు ఆడినప్పుడు చూసుకోవచ్చు. విడతలుగా చేయడం వైద్యరీత్యా కూడా ఆనవాయితీయే గనుక దీనివలన నష్టం లేదు.

చవకగా చేస్తామనే చిన్న క్లినిక్కుల సంగతి కూడా చెప్పాలి. 2022 మే నెలలో బెంగళూరులో కొవ్వు తొలగింపు చికిత్సకు ఒక క్లినిక్కులో చేరిన 21 ఏండ్ల కన్నడ టీవీ నటి మరణించిన వార్త అందరూ చదివినదే. కొవ్వు పీల్చడం వేరు, చర్మం తొలగించడం వేరు. అయితే మత్తు, రక్తస్రావం, రక్తం గడ్డకట్టడం అనే ముప్పులు రెండింటికీ ఉన్నాయి. అత్యవసర చికిత్సా విభాగం లేని చోట ఇవి చేయించుకోకూడదు. శస్త్రవైద్యునికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. పట్టా ఉన్నదా, మత్తువైద్యుడు చికిత్స పూర్తయ్యేదాకా ఉంటాడా, రాత్రి చిక్కు వస్తే ఎవరిని పిలవాలి అని అడగడానికి మొహమాటం వద్దు. పర్లాకిమిడి నుండి విశాఖపట్నానికి, బళ్ళారి నుండి బెంగళూరుకు వెళ్ళి చేయించుకొన్నవారు కుట్టు మానే దాకా, కనీసం మొదటి వారం పది రోజులు, ఆ ఊరిలోనే బస చేసే ఏర్పాటు చూసుకోవాలి. నీరు చేరినా, కుట్టు విడినా తెలిసేది సాధారణంగా ఇంటికి వెళ్ళిన తరువాతనే. అప్పుడు మళ్ళీ చేరవలసి వస్తే ఆ ఖర్చు మొదటి మొత్తంలో కలిసి ఉన్నదా, విడిగా కట్టాలా అన్నది కూడా చేరేముందే కాగితం మీద రాయించుకోవలసిన సంగతి.